బయోస్టాటిస్టిక్స్‌కి దగ్గరి దారి ఉందా?

సోమల, సోదం, చౌడేపల్లె వైపు ఇంటర్ ఎంపీసీలో లెక్కలు బాగా వచ్చిన పిల్లలకు ఇంట్లో చూపించే దారులు రెండే. సీటొస్తే ఇంజినీరింగ్, రాకపోతే బీఎస్సీ చేసి బీఈడీ. ఈ మధ్య మూడో దారి గురించి కూడా అడుగుతున్నారు. డిగ్రీ, పీజీ కలిపి చదివేస్తే ఒక ఏడాది కలిసొస్తుందట కదా, గణితంతో మొదలుపెట్టి బయోస్టాటిస్టిక్స్‌లో తేలితే మందుల కంపెనీల్లో ఉద్యోగాలట కదా అని.

ఉద్యోగాల మాట నిజం. ఏడాది మాట దగ్గరే కాస్త కూడికలు, తీసివేతలు చేసుకోవాలి.

అమెరికాలో డిగ్రీ నాలుగేళ్లు, బయోస్టాటిస్టిక్స్ మాస్టర్స్ మామూలుగా రెండేళ్లు. మొత్తం ఆరు. అక్కడి యూనివర్సిటీలు చురుకైన విద్యార్థిని మూడో ఏటనే గుర్తించి, నాలుగో ఏట మాస్టర్స్ క్లాసుల్లో కూర్చోనిచ్చి, ఆ క్రెడిట్లను రెండు డిగ్రీలకూ లెక్కేసి ఐదేళ్లలో పంపించేస్తాయి. ఏడాది మిగిలేది అక్కడ. మన దగ్గర మూడేళ్ల బీఎస్సీ, రెండేళ్ల ఎంఎస్సీ కలిపితే ఎప్పటినుంచో ఐదే. ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఎస్సీ అయినా ఐదే. కొత్త విద్యా విధానంలో నాలుగేళ్ల ఆనర్స్, ఆపైన ఏడాది పీజీ కూడా ఐదే. కాబట్టి ఇక్కడ 'ఏడాది ఆదా' అని ఎవరైనా బ్రోషరు చేతిలో పెడితే, దేంతో పోల్చి ఆదా అని అడగండి. నాలుగేళ్ల డిగ్రీ మీద మళ్లీ రెండేళ్ల పీజీ చేసేవాళ్లతో పోలిస్తేనే ఆ మాట నిలబడుతుంది.

అలాగని ఇంటిగ్రేటెడ్ చదువు దండగ అనడం లేదు. దానివల్ల లాభం వేరు. మధ్యలో ఇంకో ఎంట్రన్సు రాయక్కర్లేదు, సీటు కోసం తిరగక్కర్లేదు, ఐదేళ్లూ ఒకే చోట ఒకే మాస్టార్ల దగ్గర చదువుకోవచ్చు. మన దగ్గర నిజంగా కాలం మిగిల్చేది కోర్సు పేరు కాదు, మొదటి రెండేళ్లలో చదివిన పేపర్లు. అవి లేకుండా పరిగెత్తినవాళ్లు చివరి ఏడాదిలో ఆగి, మొదటి ఏడాది పుస్తకాలు మళ్లీ తీయాల్సి వస్తుంది. ఎందుకో తెలియాలంటే ఈ పనిలో ఏముంటుందో చూడాలి. అందుకు మదనపల్లె దాటి పోనక్కర్లేదు.

మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ సానటోరియం ఉండేదని ఈ చుట్టుపక్కల పెద్దవాళ్లందరికీ తెలుసు. 1950లో అక్కడి డెన్మార్క్ డాక్టరు యోహానెస్ ఫ్రిమోట్-మోలర్ బృందం ఆస్పత్రి గోడలు దాటి బయటికొచ్చింది. మదనపల్లెలో, చుట్టుపక్కల పల్లెల్లో మనుషులకు ఎక్స్‌రేలు తీసి, చర్మ పరీక్షలు చేసి, క్షయ ఎవరికి సోకింది, ఎవరికి సోకలేదు అని ఏళ్ల తరబడి లెక్క కట్టింది. సోకనివాళ్లలో ఒకరు విడిచి ఒకరికి బీసీజీ టీకా వేసి, ఆ తర్వాత ఎవరికి జబ్బు వస్తుందో కనిపెట్టి చూసింది. 1973లో అచ్చయిన ఫలితాల ప్రకారం టీకా వేసుకున్న 5,069 మందిలో 33 మందికి క్షయ వచ్చింది. వేసుకోని 5,808 మందిలో 47 మందికి వచ్చింది.

వెయ్యికి ఇటు 6.5, అటు 8.1. టీకా పనిచేసినట్టేనా? రెండు రేట్ల నిష్పత్తి 0.80, అంటే జబ్బు ఐదో వంతు తగ్గినట్టు కనబడుతోంది. కానీ జబ్బు పడినవాళ్లు అటూ ఇటూ కలిపి 80 మందే. ఇంత తక్కువ మందిలో అదృష్టం ఎంత, టీకా ఎంత అని విడదీయడమే బయోస్టాటిస్టీషియన్ పని. నిష్పత్తికి లాగరిథమ్ తీసుకుని, దాని వేరియన్స్ కట్టాలి. 33లో ఒక వంతు, మైనస్ 5,069లో ఒక వంతు, ప్లస్ 47లో ఒక వంతు, మైనస్ 5,808లో ఒక వంతు. క్యాలిక్యులేటరు మీద వేసి చూడండి, 0.051 వస్తుంది. దాని వర్గమూలాన్ని 1.96తో హెచ్చవేసి, లాగ్ విలువకు ఒకసారి కలిపి, ఒకసారి తీసి, వెనక్కి మారిస్తే 0.52 నుంచి 1.25 దాకా ఒక మేర వస్తుంది. అంటే ఈ ఒక్క అధ్యయనాన్ని బట్టి చూస్తే, టీకా జబ్బును దాదాపు సగానికి తగ్గించి ఉండొచ్చు, అసలు తగ్గించకపోయి ఉండొచ్చు, పావు వంతు పెంచి ఉన్నా ఈ లెక్క కాదనలేదు.

ఆ వేరియన్స్ సూత్రం ఎక్కడిదో కూడా చెప్పాలి. డిగ్రీ కాలిక్యులస్‌లో పరీక్ష కోసం బట్టీ పట్టే టేలర్ శ్రేణిలో మొదటి రెండు పదాలే అది. గణితం వచ్చినవాడికి సూత్రం ఎందుకు అలా ఉందో, ఎక్కడ విరిగిపోతుందో తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ మాత్రమే వచ్చినవాడికి జవాబు వస్తుంది, అనుమానం రాదు. ఈ ఉద్యోగంలో జీతమిచ్చేది ఆ అనుమానానికే.

ఇంకో అనుమానం ఉంది. ఒకరు విడిచి ఒకరికి టీకా వేశారు అన్నాను. దానికీ లాటరీ తీసి వేయడానికీ చాలా తేడా. వరుసలో తర్వాతి మనిషికి టీకా పడుతుందో లేదో సిబ్బందికి ముందే తెలిసిపోతుంది. నీరసంగా ఉన్న పిల్లవాణ్ణి ఒక అడుగు వెనక నిలబెట్టాలనిపించడం మానవ సహజం. అక్కడ అలా జరిగిందని కాదు, జరగలేదని చూపించడం కష్టం. ఇప్పుడు క్లినికల్ ట్రయల్స్‌లో లాటరీ పద్ధతి మీద, దాన్ని ఎవరికీ తెలియకుండా దాచడం మీద అంత పట్టుదల అందుకే.

మదనపల్లె అంకెల కథ అక్కడితో ఆగలేదు. 1994లో కోల్డిట్జ్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ప్రపంచంలోని బీసీజీ ట్రయల్స్‌ను ఒకచోట చేర్చి విశ్లేషించారు. వాటిలో పదమూడింటి అంకెలు ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మెటాఫర్ అనే ప్యాకేజీలో అభ్యాసం కోసం పెట్టారు. మెటా అనాలిసిస్ నేర్చుకునే విద్యార్థి బోస్టన్‌లో ఉన్నా బీజింగ్‌లో ఉన్నా మొదట తెరిచే పట్టికల్లో అదొకటి. అందులో ఒక వరుస మనది. ఇంకో వరుస చెంగల్పట్టుది. 1968లో మొదలైన ఆ భారీ ట్రయల్‌లో ఆ పట్టిక ప్రకారం రెండు వైపులా 88,391 మంది చొప్పున ఉన్నారు. టీకా వేసుకున్నవాళ్లలో 505 మందికి, వేసుకోనివాళ్లలో 499 మందికి క్షయ వచ్చింది. అంటే తేడా లేదు. పదమూడూ కలిపితే మాత్రం జబ్బు సగానికి తగ్గింది. భూమధ్యరేఖకు దూరంగా పోయేకొద్దీ టీకా బాగా పనిచేసినట్టు కనబడింది. ఎందుకన్నది ఇంకా వాదులాటే. పసిపిల్లల్లో మెదడుకు పాకే క్షయ నుంచి బీసీజీ బాగా కాపాడుతుంది కాబట్టి పుట్టిన బిడ్డలకు ఇప్పటికీ వేస్తున్నారు, వేయించాలి కూడా.

మన పిల్లలు చేయాల్సిన మొదటి ప్రాజెక్టు ఇదేనని నా సలహా. డేటా ఉచితం, సాఫ్ట్‌వేర్ ఉచితం, ఊరు మనది. ఇంటర్వ్యూలో 'ఏం చేశావు' అని అడిగితే సర్టిఫికెట్ల కట్ట చూపించడం కంటే ఈ పట్టికను తెరిచి పది నిమిషాలు మాట్లాడగలిగితే మేలు.

గణితం నుంచి ఇటు రావడం కొత్తేమీ కాదు. కల్యంపూడి రాధాకృష్ణారావు, అంటే ప్రపంచమంతా సీఆర్ రావు అని పిలిచే మనిషి, 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎంఏ చేశారు. తర్వాత కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, 1943లో కలకత్తా యూనివర్సిటీ నుంచి స్టాటిస్టిక్స్‌లో ఇంకో ఎంఏ చేశారు. రెండు పీజీలు! 1945లో అచ్చయిన ఆయన పేపరులోని క్రేమర్-రావు హద్దు, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం ఇవాళ ప్రతి ఎంఎస్సీ సిలబస్‌లోనూ ఉంటాయి. ఆయన్ను కేంబ్రిడ్జికి పంపింది మాత్రం సూడాన్‌లో తవ్వి తీసిన పాతకాలపు మనుషుల ఎముకల కొలతలు విశ్లేషించడానికి. గణితం ఎముకల దగ్గరికి వెళ్లింది, అక్కడి నుంచి కొత్త గణితం పుట్టింది. 2023లో ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో, నూట మూడో పుట్టినరోజుకు కొద్ది వారాల ముందు, కన్నుమూశారు.

ఇక దారులు. ఇంటర్‌లో ఉన్నవాళ్లకు దగ్గర్లో ఉన్న మంచి అవకాశం తిరుపతి ఐసర్. 2015లో మొదలైంది, క్యాంపస్ ఏర్పేడు దగ్గర. ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ చదువు. మొదటి రెండేళ్లు గణితం, జీవశాస్త్రం, భౌతికం, రసాయనం అన్నీ చదివిస్తారు, ఆ తర్వాత ఇష్టమైన సబ్జెక్టు వైపు మొగ్గొచ్చు. బయోస్టాటిస్టిక్స్ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఇది బాగా నప్పుతుంది, ఎందుకంటే గణితం వచ్చి జీవశాస్త్రం అంటే భయపడేవాళ్లే మన దగ్గర ఎక్కువ. ప్రవేశానికి ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్టు రాయాలి. అందులో జీవశాస్త్రం ప్రశ్నలూ ఉంటాయి. ఎంపీసీ పిల్లలు ఇంటర్ మొదటి ఏడాది నుంచే వారానికో రోజు బాటనీ, జువాలజీ పుస్తకాలు తిరగేయడం మంచిది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఎస్సీకి సీయూఈటీ రాయాలి. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ బీస్టాట్ అన్నిటికంటే కష్టం. అక్కడ గణితం బట్టీతో నడవదు, రాత పరీక్షలో ఒక పేపరు పూర్తిగా జవాబులు విడమరిచి రాయాల్సిందే.

వీటిలో సీటు రాకపోతే కథ అయిపోయినట్టు కాదు. మదనపల్లె బీటీ కాలేజీలోనో పుంగనూరు ప్రభుత్వ డిగ్రీ కాలేజీలోనో గణితం చదివి కూడా ఇటు రావచ్చు. నాలుగో ఏడాది ఆనర్స్ మీ కాలేజీలో నిజంగా నడుస్తోందా, కాగితం మీదే ఉందా అని చేరేముందు అడగండి. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లకు ఏడాది పీజీ పెట్టుకోవచ్చని యూజీసీ 2024లో చెప్పింది. పెట్టుకోవచ్చు అంటే పెట్టారని కాదు. మీరు వెళ్లాలనుకునే యూనివర్సిటీలో మీ సబ్జెక్టుకు అది ఉందో లేదో ఇప్పుడే కనుక్కోండి. రీసెర్చ్‌తో ఆనర్స్ కావాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు ఉండాలి, అంటే మొదటి సెమిస్టరు నుంచే లెక్క.

నిజంగా కాలం తగ్గించే పద్ధతి కూడా ఒకటి వచ్చింది, పేరు యాక్సిలరేటెడ్ డిగ్రీ ప్రోగ్రామ్. మొదటి లేదా రెండో సెమిస్టరు తర్వాత కాలేజీ కమిటీ చూసి, సత్తా ఉన్నవాళ్లను ఎక్కువ క్రెడిట్లు తీసుకోనిస్తుంది. మూడేళ్ల డిగ్రీలో ఒక సెమిస్టరు, నాలుగేళ్ల దానిలో రెండు సెమిస్టర్ల దాకా తగ్గించుకోవచ్చు. సీట్లలో పది శాతానికి మించి ఇలా ఇవ్వకూడదు. సిలబస్ మాత్రం అంతే, తగ్గదు. నా అభిప్రాయం అడిగితే గణితం పిల్లలు దీని జోలికి పోకపోవడమే మేలు. రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా నెమ్మదిగా తలకెక్కే సబ్జెక్టులు. ఆరు నెలలు మిగుల్చుకుని ఆ రెండూ పచ్చిగా వదిలేస్తే, పీజీలో రెండింతలు కట్టాల్సి వస్తుంది. మిగిలిన ఆరు నెలల్లో ఏం చేయాలో ముందే తెలిసినవాళ్లు, ఇంట్లో ఫీజుల భారం నిజంగా ఉన్నవాళ్లు మాత్రం ఆలోచించవచ్చు.

పేపర్ల సంగతి. కాలిక్యులస్, అందులోనూ ఎక్కువ చలరాశులది. లీనియర్ ఆల్జీబ్రా. ప్రాబబిలిటీ. మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్. రిగ్రెషన్. ఇవి ఐదూ మెమోలో కనబడాలి. చివరి మూడూ మీ కాలేజీలో లేకపోతే మైనరుగానో, స్వయం పోర్టల్‌లో పరీక్ష రాసి క్రెడిట్లుగానో తెచ్చుకోండి. దీనికి ఇంకో కారణం ఉంది, చాలామంది ఆలస్యంగా తెలుసుకుని బాధపడతారు. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్‌కు డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉండాలి, లేదా పీజీ అందులో ఉండాలి. ఉత్త గణితం డిగ్రీ, ఎన్ని మార్కులున్నా, అక్కడ చెల్లదు.

పీజీకి మనకు దగ్గర్లో ఉన్న పేరున్న చోటు వెల్లూరు సీఎంసీ. అక్కడ బయోస్టాటిస్టిక్స్‌లో ఎంఎస్సీ ఉంది. ఆస్పత్రి పక్కనే చదువు కాబట్టి డేటా కోసం వెతుక్కోనక్కర్లేదు. పుదుచ్చేరి జిప్‌మర్‌లో కూడా ఈ ఎంఎస్సీ ఉంది. ముంబయి ఐఐపీఎస్‌లో బయోస్టాటిస్టిక్స్, డెమోగ్రఫీ కలిపి చెప్తారు. తిరుపతి ఎస్వీయూలో స్టాటిస్టిక్స్ ఎంఎస్సీ చేసి, తర్వాత ఇటు తిరిగినా తక్కువేమీ కాదు. నన్నడిగితే పీజీ స్టాటిస్టిక్స్‌లో గట్టిగా చేసి, ప్రాజెక్టు ఆస్పత్రి డేటా మీద చేసినవాళ్లకు తలుపులు ఎక్కువ తెరుచుకుంటాయి. బయోస్టాటిస్టిక్స్ అన్న పేరు మీద మరీ మోజు పెట్టుకోవద్దు.

ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్ల సంగతి వేరు. పుంగనూరులో ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాళ్లు, బెంగళూరులో మెడికల్ కోడింగ్ చేసేవాళ్లు, ఫార్మసీ చదివి కంపెనీలో డాక్యుమెంటేషన్ చూసేవాళ్లు ఇటు రావాలనుకుంటే ఉద్యోగం మానేయనక్కర్లేదు. ఇగ్నో అప్లయిడ్ స్టాటిస్టిక్స్‌లో దూరవిద్య ఎంఎస్సీ ఇస్తోంది. ఒకేసారి రెండు డిగ్రీలు చదవొచ్చని యూజీసీ 2022లో అనుమతించింది, కాబట్టి బీఈడీ చేస్తున్నవాళ్లు కూడా, తమ యూనివర్సిటీ ఒప్పుకుంటుందో లేదో ముందు కనుక్కుని, దీన్ని పక్కనే చదువుకోవచ్చు. లెక్కల లెక్చరరుకు గణితం ఉంది, ఆస్పత్రి మాట తెలియదు. మెడికల్ కోడరుకు జబ్బుల పేర్లు, రికార్డుల తీరు తెలుసు, గణితం తుప్పు పట్టి ఉంటుంది. ఎవరికి లేనిది వాళ్లు ముందు చదవాలి. మన మనుషులు ఎక్కువగా తమకు వచ్చినదాన్నే ఇంకోసారి నేర్పే కోర్సుకు డబ్బు కడతారు.

మూడు నెలల్లో సాస్ అనే సాఫ్ట్‌వేర్ నేర్పి ఉద్యోగం గ్యారంటీ అనేవాళ్ల దగ్గరికి వెళ్లేముందు ఒక్క విషయం తెలుసుకోండి. సాస్ కంపెనీయే చదువుకునేవాళ్ల కోసం ఇంటర్నెట్‌లో ఉచితంగా వాడుకోనిస్తోంది. ఆర్ ఎటూ ఉచితమే. కోచింగుకు కట్టే డబ్బుతో మంచి ల్యాప్‌టాప్ కొనుక్కోవచ్చు.

ఉద్యోగాల్లో రెండు రకాలున్నాయి, కలగలపకండి. స్టాటిస్టికల్ ప్రోగ్రామర్ ట్రయల్ డేటాను ఎస్‌డీటీఎం, ఆడమ్ అనే నిర్ణీత రూపాల్లోకి మార్చి, పట్టికలూ బొమ్మలూ తయారుచేస్తాడు. ముఖ్యమైన పట్టికను ఇద్దరు విడివిడిగా ప్రోగ్రాం రాసి, ఫలితాలు సరిపోతేనే ముందుకు పంపుతారు. ఓపిక, శుభ్రత ఉన్నవాళ్లకు మంచి పని. మొదటి ఉద్యోగాలు ఎక్కువగా ఇక్కడే దొరుకుతాయి. హైదరాబాద్‌లో నోవార్టిస్, పారెక్సెల్ లాంటి సంస్థలు ఈ పని చేయిస్తున్నాయి. బయోస్టాటిస్టీషియన్ పని అంతకంటే ముందు మొదలవుతుంది. ఎంతమందిని ట్రయల్‌లో చేర్చాలి, ఏ లెక్కతో గెలుపోటములు తేల్చాలి అన్నది డేటా విప్పకముందే రాసిపెట్టాలి. మదనపల్లె టమోటా మార్కెట్లో ఒక్క పెట్టె తెరిచి లోడంతటికీ ధర కట్టే వ్యాపారిని చూశారు కదా, ఆ పెట్టె ఎవరు ఎంచాలి, ఎన్ని పెట్టెలు తెరవాలి అని ముందే ఒప్పందం రాయించుకోవడం లాంటిది. ఈ ఉద్యోగానికి పీజీ తప్పనిసరి అనుకోండి.

కంపెనీలే కాదు. మెడికల్ కాలేజీల్లో కమ్యూనిటీ మెడిసిన్ శాఖలో స్టాటిస్టీషియన్ పోస్టు ఉంటుంది. కుప్పంలో పీఈఎస్ మెడికల్ కాలేజీ ఉంది. ఎండీ, ఎంఎస్ చదివే ప్రతి డాక్టరూ థీసిస్ రాయాలి, శాంపిల్ సైజు దగ్గర చాలామంది చిక్కుకుంటారు. చదువుకునే రోజుల్లోనే శాఖాధిపతిని అడిగి, ఒక థీసిస్‌కు జీతం లేకుండానైనా సాయపడితే ఆస్పత్రి డేటా ఎంత గజిబిజిగా ఉంటుందో తెలుస్తుంది. పేషెంటు వయసు గడిలో ఫోను నంబరు, బరువు గడిలో ఎత్తు. సిలబస్‌లో ఇది ఉండదు. ప్రభుత్వ కొలువు కావాలనుకునేవాళ్లకు ఏపీపీఎస్సీ అసిస్టెంట్ స్టాటిస్టికల్ ఆఫీసర్ నోటిఫికేషన్లు, జాతీయ పోషకాహార సంస్థ లాంటి ఐసీఎంఆర్ సంస్థల్లో ప్రాజెక్టు పోస్టులు ఉన్నాయి. ప్రాజెక్టు పోస్టు పర్మనెంటు కాదు, నిజమే, కానీ అక్కడ నేర్చుకున్న పని పర్మనెంటు.

అమెరికా వెళ్లాలనుకునేవాళ్లకు రెండు మాటలు. అక్కడి కలిపి చదివే కోర్సులు సాధారణంగా ఆ యూనివర్సిటీలోనే డిగ్రీ చదువుతున్నవాళ్లకే. ఇక్కడ డిగ్రీ సగంలో ఆపి వెళ్లి చేరేవి కావు. మనవాళ్లు నేరుగా మాస్టర్స్‌కే వెళ్లాలి. చాలా యూనివర్సిటీలు పదహారేళ్ల చదువు అడుగుతాయి, మూడేళ్ల బీఎస్సీతో పదిహేనే అవుతాయి. నాలుగో ఏడాది ఆనర్స్‌కు అసలైన విలువ ఇక్కడ కనిపిస్తుంది. అక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకైతే దారి సులువు. కాకపోతే డిగ్రీ విద్యార్థులకిచ్చే ఆర్థిక సాయం ఐదో ఏడాదికి వర్తిస్తుందో లేదో మూడో ఏట దరఖాస్తు చేసేటప్పుడే తల్లిదండ్రులు రాతపూర్వకంగా అడిగి పెట్టుకోవాలి.

అందరికీ ఈ పని పడదు. నెలల తరబడి ఒకే డేటాను తిరగేస్తూ, రాసిన ప్రతి అంకెకూ ఆధారం చూపిస్తూ, ఫలితం తేడా లేదని వస్తే తేడా లేదనే రాయగలిగినవాళ్లకే పడుతుంది. లెక్కలంటే ఇష్టం ఉండి పిల్లలతో మాట్లాడటం కూడా ఇష్టమైనవాళ్లకు బీఈడీ ఇప్పటికీ మంచి చదువే. దాన్ని ఓటమిలా చూడకండి.

ఇటే అనుకున్నవాళ్లు ఈ వారంలో ఒక పని చేయండి. మెమోలు ముందు పెట్టుకుని పైన చెప్పిన ఐదు పేపర్లలో మీకు ఎన్ని ఉన్నాయో టిక్ పెట్టుకోండి. మూడుకు తక్కువుంటే ఏ కోర్సుకూ ఫీజు కట్టకండి, ముందు వాటిని తెచ్చుకోండి. మూడు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, వెల్లూరు, తిరుపతి, హైదరాబాద్ ప్రవేశాల తేదీలు క్యాలెండరులో రాసుకుని, మదనపల్లె బీసీజీ లెక్కతో మొదలుపెట్టండి.